వడదెబ్బకు పిట్ట పడిపోతే: ముందు నీడ, తర్వాతే నీళ్ళు

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా జనం అడిగే ప్రశ్న ఒక్కటే. "డాబా మీద గోరింక పడిపోయింది, నోరు తెరిచి రొప్పుతోంది, నీళ్ళు ఎలా పట్టాలి?" ఆ ప్రశ్నకు జవాబు: పట్టకండి. కనీసం మొదటి అరగంట పట్టకండి. ఎండకు సొమ్మసిల్లిన పిట్టల్లో చాలావాటిని నీడలో పెట్టి, కాళ్ళు తడిపి, ఒంటరిగా వదిలేస్తే అవే తేరుకుంటాయి. మంచి మనసుతో నోట్లో పోసిన చెంచాడు నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి చచ్చిపోయేవి మాత్రం చాలా ఉన్నాయి. అందుకే ఏం చేయాలో ఎంత వివరంగా చెబుతున్నామో, ఏం చేయకూడదో కూడా అంతే వివరంగా చెబుతున్నాం.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా మన ఊళ్ళలో, ఇళ్ళ చుట్టూ కనిపించే వాటి గురించి: గోరింక, కాకి, పిచ్చుక, పిగిలిపిట్ట, రామచిలుక, గువ్వ, గద్ద, ఉడుత. కోతి, గబ్బిలం, నెమలి, దుప్పి సంగతి వేరు. వాటి గురించి చివర్లో ఉంది. అది చదవకుండా వాటి జోలికి వెళ్ళకండి.

అది నిజంగా వడదెబ్బేనా?

పిట్టలకు చెమట పట్టదు. ఒంట్లో వేడి తగ్గించుకోవాలంటే నోరు తెరిచి రొప్పాలి, గొంతు కింది చర్మాన్ని అదరకొట్టాలి, రెక్కలను ఒంటికి ఎడంగా పెట్టి గాలి ఆడనివ్వాలి. మధ్యాహ్నం వేపచెట్టు నీడలో కాకి నోరు తెరుచుకుని రెక్కలు వేలాడేసి కూర్చుందంటే అది జబ్బు పడలేదు, తనను తాను చల్లబరుచుకుంటోంది. ఉడుత పొట్టను చల్లటి గచ్చుకు ఆనించి, కాళ్ళు బార్లా చాపి పడుకోవడం కూడా అంతే. మీరు దగ్గరికి వెళ్తే ఎగిరిపోయే, పరుగెత్తే జంతువుకు మీ సాయం అక్కర్లేదు. దాన్ని తరిమితే ఉన్న కాస్త శక్తీ ఖర్చవుతుంది.

సాయం కావలసినదాన్ని ఇలా గుర్తుపట్టండి: చేతికి అందేంత దగ్గరికి వెళ్ళినా కదలదు. నిలబడలేక పక్కకు ఒరుగుతుంది, తూలుతుంది. కళ్ళు సగం మూసుకుని ఉంటాయి. మెడ వాలిపోతుంది. రొప్పుతూ రొప్పుతూ ఉన్నట్టుండి రొప్పడం మానేసి నీరసించిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం ఈ చివరిదే. "రొప్పడం ఆగింది కదా, తగ్గింది" అనుకుని వదిలేస్తారు. నిజానికి రొప్పే ఓపిక కూడా అయిపోయిందన్నమాట.

ఎండ అనుకుని పొరపడే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ముట్టుకునే ముందు ఒక్క నిమిషం చుట్టూ చూడండి.

పైన కరెంటు తీగలో ట్రాన్స్‌ఫార్మరో ఉండి, ఈకలు కాలిన వాసన వస్తే అది షాకు. పిల్లి నోట్లోంచో కుక్క నోట్లోంచో విడిపించినదైతే, పైకి సూదిమొన అంత గాయమే కనబడినా ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. పిల్లి కాటులోని సూక్ష్మక్రిములు చిన్న పిట్టను ఒకటి రెండు రోజుల్లో చంపేస్తాయి, యాంటీబయాటిక్ తప్పనిసరి. నోట్లోంచి చొంగ, వణుకు, మెలికలు తిరగడం, పక్కన పొలంలోనో తోటలోనో మందు కొట్టిన ఆనవాళ్ళు ఉంటే విషం అని అనుమానించాలి. రెక్కకు గాలిపటం దారం చుట్టుకుని ఉంటే లాగకండి, దారాన్ని రెండు వైపులా కత్తిరించి, చుట్టుకున్న ముక్కను వైద్యుడికే వదిలేయండి.

ఒకే చోట నాలుగైదు కాకులో కొంగలో చచ్చిపడి ఉంటే అసలు ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి గుర్తుండే ఉంటుంది. గుంపుగా చావులు కనబడితే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి, మీరు దూరంగా ఉండాలి.

మరో పెద్ద పొరపాటు ఉంది. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో గోరింకలు, కాకులు, పిగిలిపిట్టలు పిల్లలను చేస్తాయి. ఒంటి నిండా ఈకలు వచ్చి, తోక మాత్రం పొట్టిగా ఉండి, గెంతుతూ తిరిగే పిల్ల గూట్లోంచి పడిపోయినది కాదు, ఎగరడం నేర్చుకుంటున్నది. తల్లీతండ్రీ పైనుంచి చూస్తూనే ఉంటాయి. అది ఎండలో ఉంటే తీసి దగ్గర్లోని నీడ కొమ్మ మీద పెట్టి, మీరు పది మీటర్ల దూరం జరిగి రెండు గంటలు గమనించండి. మనిషి చేయి తగిలితే తల్లి చేరనివ్వదన్న మాట నిజం కాదు.

దగ్గర పెట్టుకోవలసినవి

- మూత ఉన్న అట్టపెట్టె. గోరింకకు, చిలుకకు చెప్పుల డబ్బా చాలు. గద్దకైతే సుమారు 45 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి.
- పాత నూలు బట్టలు రెండు: లుంగీ ముక్క, చీర ముక్క, దుప్పటి ముక్క. కుచ్చుల టవల్ పెట్టె అడుగున వేయకండి, గోళ్ళు ఇరుక్కుంటాయి.
- బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చల్లే స్ప్రే సీసా. లేకపోతే దూది.
- కుండలో నీళ్ళు, లేదా మామూలు తాగే నీళ్ళు.
- సీసా మూత అంత లోతు ఉన్న చిన్న పళ్ళెం.
- సూది తీసేసిన 1 మి.లీ. సిరంజి. మందుల షాపులో దొరుకుతుంది.
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్. మనుషులకు వాడేదే. లీటరు నీళ్ళలో కలిపే పొడి ప్యాకెట్ కావాలి, డబ్బాల్లో అమ్మే రంగు రంగుల తీపి పానీయాలు కాదు.
- గద్ద, గుడ్లగూబ, కొంగ అయితే మందపాటి టవలు లేదా దుప్పటి, కళ్ళకు అద్దాలు.

ఒక్క విషయం మీద నొక్కి చెప్పాలి. మధ్యాహ్నం పన్నెండు దాటాక డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్ళు కాగిన నీళ్ళలా ఉంటాయి. కంగారులో అవే పట్టి పిట్ట మీద చల్లేవాళ్ళు ఎందరో. ముందు మీ మణికట్టు మీద పోసుకుని చూడండి. చల్లగా అనిపించాలి, అలాగని జివ్వుమనకూడదు. ఫ్రిజ్ నీళ్ళు, ఐసు వద్దేవద్దు. మరీ చల్లటి నీళ్ళు తగిలితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, లోపలి వేడి బయటికి రాదు. పైగా ఆ అదురుకే ప్రాణం పోవచ్చు.

ఏం చేయాలి, ఏ వరుసలో

1. పెట్టె ముందు సిద్ధం చేయండి. పిట్టను చేతిలో పట్టుకుని పెట్టె కోసం వెతకడం చాలా ఇళ్ళలో జరిగేదే. పెట్టె పక్కల్లో, కింది సగంలో, పెన్సిల్ దూరేంత కన్నాలు ఒక్కో వైపు పదీ పన్నెండు పెట్టండి. కన్నాలు పెట్టేది పిట్టను లోపల ఉంచక ముందు. అడుగున నూలు బట్ట పరిచి, మధ్యలో చిన్న గుంటలా చేయండి, పిట్ట పక్కకు ఒరగకుండా ఉంటుంది.

2. ఎండలోంచి తీయండి. మెత్తటి బట్టను తల మీంచి కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో ఎత్తండి. కళ్ళు మూసుకుపోతే పిట్ట వెంటనే నెమ్మదిస్తుంది. ఛాతీ మీద వేళ్ళు బిగించకండి. పిట్ట రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే మీ చేతిలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. గద్ద విషయంలో ముక్కు కంటే కాళ్ళే ప్రమాదం. దుప్పటి వేసి, దాని మీంచే రెండు కాళ్ళనూ పట్టుకోండి. కొంగ కళ్ళ మీదకు పొడుస్తుంది, తలను మీ ముఖానికి దూరంగా ఉంచండి.

3. చల్లటి, గాలి ఆడే చోటికి చేర్చండి. ఇంట్లో కింది గది, మెట్ల కింద చోటు, వసారా. రేకుల షెడ్డు, పై అంతస్తు గది, కారు పనికిరావు. ఏసీ గాలీ కూలర్ గాలీ నేరుగా తగలనివ్వకండి. గది చల్లగా ఉంటే చాలు.

4. కాళ్ళు తడపండి. పిట్ట కాళ్ళకు, వేళ్ళకు ఈకలు ఉండవు, వేడి అక్కడినుంచి త్వరగా పోతుంది. స్ప్రే సీసాతో కాళ్ళ మీద రెండు మూడు సార్లు చల్లండి. తడి దూదితో రెక్కల అడుగున, చంకల దగ్గర చర్మం మీద అద్దండి. తల మీద, ముక్కు రంధ్రాల మీద చల్లకండి. బకెట్‌లో ముంచడం, కుళాయి కింద పట్టడం పూర్తిగా తప్పు. ఈకలన్నీ తడిస్తే పిట్ట ఎగరలేదు, సాయంత్రానికి వణికిపోతుంది. ఉడుతకైతే పాదాలు, చెవులు, పొట్ట కింద తడి బట్టతో అద్దండి.

5. గాలి ఆడేలా చూడండి. తెలంగాణలో, రాయలసీమలో పొడి ఎండ కాబట్టి తడి త్వరగా ఆవిరై ఒళ్ళు చల్లబడుతుంది. విజయవాడ, కాకినాడ, విశాఖ వైపు ఉక్కపోతలో అలా జరగదు. తడి అలాగే ఉండిపోతుంది, వేడి తగ్గదు. అక్కడ ఫ్యాన్‌ను తక్కువ వేగంలో పెట్టి, గాలి పక్కనుంచి వెళ్ళేలా పెట్టె పెట్టండి.

6. ఐదు నుంచి పది నిమిషాలు చూసి ఆపండి. రొప్పడం నెమ్మదించగానే తడపడం ఆపేయాలి. పిచ్చుక బరువు సుమారు 25 గ్రాములు, గోరింక 110 గ్రాముల పైచిలుకు. అంత చిన్న ఒళ్ళు వేడెక్కినంత త్వరగానే చల్లబడిపోతుంది. అతిగా తడిపితే ఇప్పుడు చలి పట్టుకుంటుంది.

7. మూత వేసి, వదిలేయండి. ఇదే అందరికీ కష్టమైన పని. చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న పెట్టెలో అరగంట. పిల్లలు తొంగి చూడకూడదు, వీడియోలు వద్దు, టీవీ మోత వద్దు, నిమరడం అసలే వద్దు. మీ చేయి దానికి ఓదార్పు కాదు, తనను తినబోయే జంతువు స్పర్శ. భయంతో గుండె వేగం పెరిగితే ఒంటి వేడి మళ్ళీ పెరుగుతుంది.

8. అరగంట తర్వాతే నీళ్ళు. ఎలా అన్నది కింద.

నీళ్ళు ఎలా ఇవ్వాలి

పిట్ట నోరు తెరిచినప్పుడు నాలుక వెనకాల చూడండి. చిన్న చీలిక లాంటి రంధ్రం ఊపిరితో పాటు మూసుకుంటూ తెరుచుకుంటూ కనిపిస్తుంది. అది గాలిగొట్టం ద్వారం. మనిషికి ఉన్నట్టు దానిపైన మూత ఉండదు. మీరు పోసిన నీళ్ళు నాలుక మీదుగా జారి నేరుగా అందులోకి పోతాయి. స్పృహ ఉండి, తనంతట తాను తాగే పిట్ట ఆ ద్వారాన్ని సరైన సమయంలో మూసుకోగలదు. సొమ్మసిల్లినది మూసుకోలేదు. మొదట్లోనే నీళ్ళు వద్దనేది ఇందుకే.

అరగంట తర్వాత పిట్ట లేచి నిలబడి, తల ఎత్తి, మీవైపు చూస్తోందా? అయితే వేలు లోతు కూడా లేని పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టెలో ఒక మూల పెట్టి మళ్ళీ మూత వేయండి. చాలా పిట్టలు పది నిమిషాల్లో తాగుతాయి.

తాగకపోతే, నిలబడి ఉంటేనే, సిరంజితో ఒక్క చుక్కను ముక్కు పక్క అంచు మీద, పై దవడా కింది దవడా కలిసే చోట పెట్టండి. లోపలికి కాదు, అంచు మీద. పిట్ట నాలుక ఆడించి మింగుతుంది. మింగిందని చూశాకే రెండో చుక్క. గోరింకంత పిట్టకు ఒక విడతలో మొత్తం 1 మి.లీ. దాటకండి, పిచ్చుకకు నాలుగైదు చుక్కలు చాలు. ఇరవై నిమిషాలు ఆగి మరో విడత. గద్దకు, గుడ్లగూబకు ఇలా చుక్కలు వేసే ప్రయత్నం చేయకండి. వాటికి కావలసిన ద్రవం ఎక్కువ, అది వైద్యుడు ఇంజెక్షన్‌తోనో గొట్టంతోనో ఇస్తాడు.

మామూలు నీళ్ళతోనే మొదలుపెట్టండి. రెండో విడత నుంచి ఓఆర్‌ఎస్ ఇవ్వచ్చు. ప్యాకెట్ మొత్తాన్ని దాని మీద రాసినన్ని నీళ్ళలో కలిపి, అందులోంచి కావలసినంతే తీసుకోండి. చిటికెడు పొడి, గ్లాసుడు నీళ్ళు అని ఉజ్జాయింపుగా కలిపితే ఉప్పు ఎక్కువై ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. కలిపినది 24 గంటల తర్వాత పారబోయండి.

నోట్లో బుడగలు వస్తున్నా, ఊపిరిలో గురకలాంటి చప్పుడు వినబడుతున్నా, తుమ్ముతున్నట్టు తల విదిలిస్తున్నా నీళ్ళు గాలిగొట్టంలోకి వెళ్ళాయని అర్థం. వెంటనే ఆపండి. తలకిందులుగా పట్టుకుని దులపకండి. నిటారుగా పెట్టెలో ఉంచి వైద్యుడి దగ్గరికి బయల్దేరండి.

పాలు, బ్రెడ్డు, బిస్కెట్, అన్నం, తేనె నీళ్ళు, నిమ్మరసం, మజ్జిగ: ఏవీ వద్దు. పాలలోని చక్కెర పిట్టలకు అరగదు, విరేచనాలై ఉన్న నీరూ పోతుంది. నీటి కొరత తీరకుండా కడుపులో తిండి పడితే అరిగించుకునే శక్తి కూడా ఉండదు. మనిషికి వడదెబ్బకు పనికొచ్చేవన్నీ పిట్టకు పనికిరావు. సాయంత్రం వదిలేయబోయే పెద్ద పిట్టకు ఆ పూట తిండి పెట్టకపోయినా నష్టం లేదు.

తేరుకుందో లేదో తెలుసుకోవడం

అరగంటకు ఒకసారి, మూత వేలెడు ఎత్తి ఐదు సెకన్లు చూడండి. అంతకంటే తరచుగా వద్దు. మొదటి అరగంటలో నోరు మూసుకోవాలి. గంటలోపు రెండు కాళ్ళ మీద నిలబడాలి. రెండు మూడు గంటల్లో పెట్టె లోపల టపటపలాడాలి, మూత తీస్తే బయటపడేందుకు చూడాలి. రెట్ట వేసిందో లేదో గమనించండి. రెట్టలో తెల్లటి భాగం కనిపిస్తే మంచి గుర్తు. నాలుగు గంటలైనా రెట్ట వేయకపోతే నీరు ఇంకా చాలలేదు.

రెక్కలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా? ఒకటి వేలాడితే దెబ్బ తగిలింది. సొమ్మసిల్లి ఎత్తు నుంచి పడిన పిట్టకు ఎముక విరిగి ఉండొచ్చు. తల ఒక పక్కకు తిరిగిపోయి ఉన్నా, గుండ్రంగా తిరుగుతున్నా మెదడుకు దెబ్బ. గంట గడిచినా నిలబడనిది, ఒకసారి లేచి మళ్ళీ పడిపోయినది, ఫిట్స్ వచ్చినది ఇంట్లో ఉంచి చేసేదేమీ లేదు. వడదెబ్బ కిడ్నీలనూ మెదడునూ దెబ్బతీస్తుంది, దానికి మందూ సెలైనూ కావాలి.

తీసుకెళ్ళేటప్పుడు కారైతే ముందు ఐదు నిమిషాలు ఏసీ వేసి లోపల చల్లబడ్డాకే పెట్టె పెట్టండి. బండి మీదైతే పెట్రోలు ట్యాంకు మీద, ఇంజను పక్కన పెట్టకండి. వెనక కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పట్టుకోవాలి. పాలిథిన్ కవరులో వేసుకెళ్ళడం అంటే చంపడమే.

వదలడం

దొరికిన చోటే వదలండి. దాని జోడు, గూడు, నీటి జాడ అన్నీ అక్కడే. "అడవిలో స్వేచ్ఛగా ఉంటుంది" అని ఊరి గోరింకను తీసుకెళ్ళి అడవిలో వదిలితే దానికి అంతా కొత్త, అక్కడున్న పిట్టలు తరిమికొడతాయి.

సమయం సాయంత్రం ఐదు నుంచి ఆరు. ఎండ తగ్గుతుంది, చీకటి పడేలోపు కొమ్మ వెతుక్కోవడానికి గంట దొరుకుతుంది. చీకటి పడిపోతే రాత్రంతా పెట్టెలోనే ఉంచి, తెల్లారి ఆరింటికి వదలండి. గుడ్లగూబనైతే మసక చీకట్లో. పెట్టెను చెట్టు నీడలో, పిల్లులూ కుక్కలూ లేకుండా చూసి నేల మీద పెట్టి, మూత తీసి వెనక్కి జరగండి. గాల్లోకి ఎగరేయకండి, తేరుకోనిదైతే రాయిలా పడుతుంది. పది నిమిషాల్లో అదే వెళ్ళాలి. పక్క గోడ దాకా ఎగిరి కూలబడిందంటే ఇంకా సిద్ధం కాలేదు, మళ్ళీ పెట్టెలోకి.

గూట్లోంచి దూకేసిన పిల్లలు

రేకుల కప్పు కింద, ఏసీ బాక్సు వెనకాల, గోడ కన్నాల్లో గూళ్ళు పెట్టిన పిచ్చుకల, గోరింకల పిల్లలు మధ్యాహ్నపు వేడి తాళలేక ఈకలు రాకముందే బయటికి దూకేస్తాయి. అప్పుడే గూట్లో పెట్టేస్తే మళ్ళీ దూకుతాయి. చల్లబరిచి, పెట్టెలో ఉంచి, ఎండ తగ్గాక నాలుగున్నర ఐదింటికి గూట్లోకి చేర్చండి. మర్నాటి నుంచి ఆ రేకు మీద గోనెసంచి పరిచి మధ్యాహ్నం రెండుసార్లు తడిపితే సమస్య తీరుతుంది. గూడు అందకపోతే చిన్న వెదురు బుట్టలో కొబ్బరిపీచు పరిచి, గూటికి ఒకటి రెండు మీటర్లలోపు, నీడ వైపు కట్టండి. బుట్ట అడుగున నీరు కారే సందులు ఉండాలి. పిల్లల అరుపు విని తల్లి వస్తుంది. రెండు గంటలైనా రాకపోతే అప్పుడు రెస్క్యూ వాళ్ళకు ఫోన్.

ఉడుత పిల్లలదీ ఇదే పద్ధతి, ఒక తేడా ఉంది. కళ్ళు తెరవని, ఒంటి మీద వెంట్రుక రాని గులాబీ రంగు పిల్లలు వేడిని పట్టి ఉంచుకోలేవు. ఎండలోంచి తీసిన గంటకే చల్లబడిపోతాయి. వాటిని తడపకండి. బట్టలో వదులుగా చుట్టి నీడలో పెట్టండి. కొబ్బరి మట్టలు కొట్టించినప్పుడో ఏసీ సర్వీసింగ్‌లోనో గూడు చెదిరితే, పిల్లలను తెరిచి ఉన్న డబ్బాలో ఆ చెట్టుకే, నీడలో, పిల్లికి అందని ఎత్తులో కట్టి దూరంగా ఉండండి. తల్లి ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని మరో గూటికి మోసుకుపోతుంది. ఆవుపాలు పట్టకండి, వెల్లకిలా పడుకోబెట్టి అసలేమీ పట్టకండి.

చేయి వేయకూడనివి

గబ్బిలాలు. చింత, మర్రి చెట్ల మీద వేలాడే పెద్ద గబ్బిలాలు 42 డిగ్రీలు దాటితే గుంపులుగా రాలిపడతాయి. వాటి నుంచి రేబిస్ లాంటి జబ్బులు, నిపా సోకే ప్రమాదం ఉంది కాబట్టి వట్టి చేతులతో ముట్టుకోకండి. గుంపు ఉన్న చెట్టు మొదటికీ, కింది కొమ్మలకూ పైపుతో నీళ్ళు పట్టించండి, వాటి మీదకు కొట్టకండి.

కోతి పడిపోయి ఉంటే నీడ లేకపోతే దూరం నుంచి నీడ ఏర్పాటు చేసి, బకెట్ నీళ్ళు పెట్టి తప్పుకోండి. గుంపు దగ్గర్లోనే ఉంటుంది, మీ మీద పడుతుంది. కోతి, నక్క, ముంగిస, గబ్బిలం కరిచినా గీరినా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోవాలి.

దుప్పి, కృష్ణజింక, కుందేలు, నెమలి నీళ్ళ కోసం ఊళ్ళోకి వస్తాయి. వీటిని తరిమి పట్టుకుంటే, పట్టుకున్నాక గంటల్లోనో రోజుల్లోనో చచ్చిపోతాయి. పరుగు, భయం కలిసి కండరాలు దెబ్బతిని, ఒంటి వేడి అదుపు తప్పుతుంది. ఊరంతా చుట్టూ చేరి ఫోటోలు తీసుకోవడమే వాటికి చావు. కుక్కలను కట్టేయండి, జనాన్ని పంపేయండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. వ్యవసాయ బావిలో పడినదాన్ని మీరు దిగి తీయబోకండి. లోపల నీళ్ళుంటే అది ఆనుకోవడానికి దుంగో, గడ్డి మోపో తాడు కట్టి దింపి, మనుషులు కనబడకుండా జరగండి.

స్నానాల గదిలోకి, కూలర్ కిందకు చేరిన పాము వడదెబ్బ తగిలినది కాదు, చల్లదనం వెతుక్కున్నది. తలుపు మూసి, సందులో తడి గుడ్డ కుక్కి, పాములు పట్టేవాళ్ళను పిలవండి.

ఎవరికి చెప్పాలి

మీ ప్రాంతానికి చెందిన అటవీ శాఖ రేంజ్ ఆఫీసు నంబరు ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి, అవసరం పడిన రోజు వెతికితే దొరకదు. రాత్రి వేళ ఎవరూ అందకపోతే 112కు చేసి అటవీ శాఖకు కలపమని అడగండి. జంతువులను కాపాడే సంస్థల్లో హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, పాములకైతే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ, విశాఖలో వీఎస్‌పీసీఏ ఉన్నాయి. మిగతా చోట్ల దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలే మొదటి దిక్కు. వెళ్ళే ముందు ఫోన్ చేసి అడవి పిట్టను చూస్తారా అని అడగండి. ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పండి: ఏ జంతువు, ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఇప్పటిదాకా మీరు ఏం చేశారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. చేతికి వస్తే 48 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అధీకృత అధికారికో తెలియజేయాలి. ప్రాణం కాపాడటానికి ఒక పూట పెట్టెలో ఉంచడం వేరు. కోలుకున్న రామచిలుకను "పాపం, ఎండలో ఎక్కడికి పోతుంది" అని పంజరంలో ఉంచేసుకోవడం వేరు, అది నేరం.

మర్నాటి నుంచి నీళ్ళ మూకుడు

ఒక పిట్ట పడిపోయిందంటే ఆ చుట్టుపక్కల నీళ్ళు లేవని లెక్క. వెడల్పాటి మట్టి మూకుడు కొనండి, స్టీలూ ప్లాస్టిక్కూ వద్దు, ఎండకు కాలిపోతాయి. నీళ్ళు నాలుగైదు సెం.మీ. లోతు, మధ్యలో నీటిపైకి తేలే రెండు గరుకు రాళ్ళు. రోజంతా నీడ ఉండే చోట, పిల్లి పొంచి ఉండే పొదలకు రెండు మీటర్ల దూరంలో పెట్టండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి నీళ్ళు మార్చండి. రోజూ పీచుతో తోమితే పాచి పట్టదు, డెంగీ దోమ గుడ్లు కూడా పోతాయి. మూకుడు మొదటి మూడు నాలుగు రోజులు ఖాళీగా కనబడినా చోటు మార్చకండి, పిట్టలకు అలవాటు కావాలి.

మూత లేని నీళ్ళ డ్రమ్ములో, సిమెంటు తొట్టిలో దాహానికి దిగి పైకెక్కలేక మునిగిపోయే ఉడుతలు ఎన్నో. గరుకైన కట్టె ఒకటి అడుగు నుంచి అంచు పైదాకా ఏటవాలుగా ఆనించి పెట్టండి. నున్నటి పీవీసీ పైపు పెడితే జారిపోతాయి, దానికి గోనెపట్టా చుట్టాలి.